మరుగు దూరం

ఆరో ఏడు, 112వ రోజు

ఉదయం ఏడు గంటలు. గాలి తక్కువ. ఎండ మామూలే, అంటే నల్లద్దాలు లేకుండా ఉప్పుకేసి చూడలేనంత.

నారింజ: ఆరువందల నలభై అంగలు. ఎరుపు: ఐదువందల అరవై. నీలం: మూడువందల తొంభై. పసుపు: రెండువందల పది. తెలుపు: డెబ్భై రెండు.

దారి సంఘానికి కొత్తగా వచ్చిన కార్యదర్శి వైకుంఠంగారు "ఈ అంగలేమిటమ్మా" అని కబురు పంపారు. పాతవాళ్ళెవరూ అడగలేదు, వాళ్ళు పుస్తకం తెరిచి చూస్తే కదా. ఆయన కోసం ఒక్కసారి రాస్తాను. పరీక్ష గుంజ మీద ఒక రంగు హెల్మెట్ తగిలిస్తాను. దానికేసి చూస్తూ వెనక్కి నడుస్తాను, అంగలు లెక్కపెట్టుకుంటాను. ఆ రంగు ఎక్కడ ఉప్పులో కలిసి కనపడకుండా పోతుందో అక్కడ ఆగుతాను. అది ఆ రంగు మరుగు దూరం. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలుతుండగా ఒకసారి. ఆరేళ్ళలో నేను ముందుకు నడిచినదానికంటే వెనక్కి నడిచిందే ఎక్కువ. మోకాళ్ళు అదే చెబుతున్నాయి.

ఎనిమిదింటికి నూకరత్నం వచ్చింది. మా తమ్ముడి కూతురు. పాతరేవు ఆస్పత్రి నుంచి కొత్తరేవుకి మోటారు సైకిల్ మీద మందులు చేరవేస్తుంది. సముద్రం వెనక్కి పోయి వదిలేసిన ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల ఉప్పు నేల మీద రోజూ పోయి రావాలి. సగం దారిలో, ఈ పంతొమ్మిదో రాయి దగ్గర ఆగి, నేను పెట్టిన టీ తాగి, ఆ టీని తిట్టి మరీ వెళుతుంది.

"అత్తా, ఇయాల నేను సచ్చిపోయినాను తెలుసా," అంది.

"టీ బాగోనేదని సూటిగా సెప్పొచ్చు కదే."

"టీ సంగతి తరవాత. పదకొండో రాయి కాడ చైను ఊడిపోనాది. పక్కకి దిగి ఎక్కిస్తన్నాను. ఎనకనుంచి ఉప్పు లారీ ఒచ్చి ఎల్లిపోనాది. ఎల్తా ఎల్తా ఒక్క హారన్ కొట్టినాడు. పొట్టిది."

ఈ దారిలో ఎవరైనా పోతే, పోయినచోటే మనిషెత్తు గుంజ పాతి వాళ్ళ హెల్మెట్ దాని మీద పెడతారు. డ్రైవర్లు దాన్ని దాటేటప్పుడు ఒక్క పొట్టి హారన్ కొడతారు. బతికున్నవాళ్ళు దారిలో కనపడితే రెండు కొడతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అలా జరుగుతోందంతే.

"నన్ను గుంజల్లో కలిపీసినాడు," అని రత్నం పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గ్లాసు కడక్కుండానే పోయింది, ఎప్పట్లాగే.

115వ రోజు

ఉదయం పొగమంచు. నారింజ నాలుగువందల ఎనభై. తెలుపు అసలు కొలవలేదు, నలభైలోపే పోయింది.

రత్నం చెప్పింది బుర్రలోంచి పోవడం లేదు. పాత పుస్తకాలు తీసి చూశాను. ఈ పరీక్ష కేంద్రం పెట్టకముందు, అందరూ తెల్ల హెల్మెట్లు పెట్టుకున్న ఆఖరి ఏడాది, పద్నాలుగు మంది పోయారు. నారింజ వచ్చిన మొదటి ఏడు ఏడుగురు. రెండో ఏడు ముగ్గురు, మూడో ఏడు ముగ్గురు. సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పింది అప్పుడే. నాలుగో ఏడు ఐదుగురు. ఐదో ఏడు ఎనిమిది మంది. ఈ ఏడు మూడో వంతు కూడా గడవలేదు, ముగ్గురు పోయారు.

మొత్తం గుంజలు నలభై మూడు.

రంగు మారలేదు. నారింజ ఆరేళ్ళ కిందట ఎన్ని అంగలకి కనపడేదో ఇప్పుడూ అన్నింటికే కనపడుతోంది. రోజూ కొలిచేదాన్ని నేనే కదా. మరి ఎందుకు పెరుగుతున్నాయి? డ్రైవర్లు తాగుతున్నారని వైకుంఠంగారి అనుమానం. నాకు తెలిసిన డ్రైవర్లలో తాగనివాడు ఆరేళ్ళ కిందటా లేడు.

116వ రోజు

మొదటి గుంజ గురించి ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది.

అది నా పరీక్ష గుంజకి రెండువందల అంగల దూరంలో, దారి వంపు తిరిగేచోట ఉంది. పెంటయ్యది. నా మొగుడు.

అంతకుముందు పాతికేళ్ళపాటు లారీలు వాటంతటవే నడిచేవి. వాటి కెమెరా కళ్ళకి ఉప్పు పట్టి, ఎంత తుడిచినా మసక వదలక, చివరికి సంఘం వాటిని పక్కన పెట్టి మళ్ళీ మనుషుల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. ఆ మనుషుల్లో రోడ్డు చూసే అలవాటు ఎవరికుంది? మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళకేమో ఎండకి తల కాలకూడదని సంఘమే తెల్ల హెల్మెట్లు ఇచ్చింది. ఉప్పు మీద తెల్ల హెల్మెట్. పెంటయ్య బండిని గుద్దిన రోజు ఆ లారీ నడిపినవాడు "ఎదురుగా ఏమీ లేదు, ఉప్పే ఉంది" అన్నాడు. అబద్ధమాడలేదు. నేనే తర్వాత కొలిచాను, డెబ్భై రెండు అంగలు.

పెంటయ్య హెల్మెట్ ఇంటికి తెచ్చుకుని, పాతరేవు గోదాములో పడవల్లో, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే తేలుడు చక్రాలకి వేసే నారింజ రంగు మిగిలి ఉంటే అది పూశాను. వంపులో గుంజ పాతి దాని మీద పెట్టాను. ఇప్పుడు చూడండి రా అని. నాకప్పుడు ఒళ్ళంతా కోపమే, ఏడుపు రాలేదు. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళూ వాళ్ళవాళ్ళ హెల్మెట్లకి అదే రంగు పూసి గుంజలు పాతారు. తర్వాత బతికున్నవాళ్ళూ అదే రంగు పెట్టుకున్నారు. నారింజ లేనివాళ్ళని దారి మొదట్లోని గేటు దాటనివ్వకూడదన్న నియమం రాసింది నేనే.

రోజూ ఉదయం పరీక్షకి ముందు ఆ హెల్మెట్ తడిగుడ్డతో తుడుస్తాను. ఉప్పు పడితే రంగు చచ్చిపోతుంది.

118వ రోజు

గవరయ్యని ఆపి టీ ఇచ్చాను. పెంటయ్యతో కలిసి పెరిగినవాడు, నన్ను అప్పా అంటాడు, అక్కా అన్నట్టు. పన్నెండు చక్రాల ఉప్పు లారీ నడుపుతాడు. ఈ దారిలో అతనికంటే జాగ్రత్త గల డ్రైవర్ లేడు.

"మొన్న పదకొండో రాయి కాడ మా రత్నానికి గుంజ హారన్ కొట్టింది నువ్వేనేటి?" అన్నాను.

టీ ఊదుకున్నాడు. "అయుంటానప్పా. తెల్దు. నారింజ కనపడితే సెయ్యి దానంతటదే హారన్ మీదికి పోద్ది. ఎల్లేటప్పుడు నలభై మూడుసార్లు, ఒచ్చేటప్పుడు నలభై మూడుసార్లు. నేనేటి లెక్కెడతానా?"

"కనపడతాదా నీకు?"

"కనపడకేటి. శానా దూరం నుంచే కనపడతాది." గ్లాసు కింద పెట్టి అన్నాడు, "నువ్వు సూద్దామని సూస్తావప్పా. అది అక్కడున్నాదని నీకు ముందే తెలుసు. మేం అలా కాదు. మేం బండి నడుపుతా సూస్తాం."

అతను వెళ్ళాక ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఆరేళ్ళుగా నేను కొలిచింది రంగు కంటికి ఎంత దూరం అందుతుందో. అందినదాన్ని ఆ కన్ను ఏమనుకుంటుందో ఒక్కసారీ కొలవలేదు.

మధ్యాహ్నం పరీక్ష మానేశాను. నారింజ హెల్మెట్ పెట్టుకుని వంపు దాటాక రోడ్డు పక్కన, గుంజలు ఉండేటంత దూరంలో, కదలకుండా నిలబడ్డాను. మూడు గంటల్లో ఇరవై లారీలు వెళ్ళాయి. రెండు హారన్లు కొట్టినవి నాలుగు. ఏమీ కొట్టనివి మూడు. పదమూడు లారీలు ఒక్క పొట్టి హారన్ కొట్టి వెళ్ళాయి. పదమూడు మంది నా ఆత్మశాంతి కోరుకున్నారు.

119వ రోజు

నిన్న కదలకుండా ఉన్నాను కాబట్టి అలా అనుకున్నారేమో అని, ఇవాళ వంపులో లారీలకి ఎదురు నడిచాను. పద్దెనిమిది లారీలు. తొమ్మిది పొట్టి హారన్లు.

కారణం దొరికింది. అడ్డంగా పోయే మనిషి కదిలినట్టు కనపడతాడు. నేరుగా ఎదురొచ్చే మనిషి కదిలినట్టు కనపడడు, ఉన్నచోటే ఉండి కొంచెం కొంచెం పెద్దవుతాడంతే. గుంజా అంతే, దగ్గరికి వెళుతుంటే పెద్దదవుతుంది. వంపులో ఈ రెండింటికీ తేడా తెలిసేసరికి లారీ మీదికి వచ్చేస్తుంది. ఈ ఐదారేళ్ళలో ఎవరెక్కడ పోయారో గీసి చూశాను. ఆఖరి పదకొండు మందిలో తొమ్మిది మంది పాత గుంజలకి యాభై అంగల లోపే పోయారు. పోయినవాళ్ళ చుట్టూ పోతున్నారు. ప్రతి చావుకీ ఒక గుంజ, ప్రతి గుంజకీ డ్రైవర్ల కళ్ళు ఇంకొంచెం అలవాటు పడటం.

అంటే గుంజలు తీసేయాలి. మొదట తీయాల్సింది వంపులోది.

ఈ పేజీ సంఘానికి పంపే ప్రతిలో ఎక్కించలేదు. రాయడం నా చేత కాలేదు, అంతే. ఆ మనిషికి ఈ భూమ్మీద కనపడే జాగా ఇంకొకటి లేదు.

124వ రోజు

నారింజ ఆరువందల ముప్ఫై ఐదు. తెలుపు డెబ్భై.

వైకుంఠంగారు జీపులో వచ్చారు. మంచి మనిషే, కుర్చీ ఇస్తే ముందు తుడుచుకుని కూర్చునే రకం.

"అందరికీ అలవాటైపోయిన రంగు కదా అసిరితల్లిగారూ, బళ్ళు నడిపేవాళ్ళకి ఎరుపు ఇచ్చేద్దామా?" అన్నారు.

ఆయనకి అంతవరకూ తట్టినందుకు ఆశ్చర్యపోయాను. "దూరం నుంచి ఎరుపూ నారింజా ఒకటేనండి," అన్నాను.

"నీలం?"

"ఎండమావుల్లో కలిసిపోద్దండి."

"నలుపు? ఉప్పు మీద నలుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది కదా."

"ఉంటాదండి. లోపల తల ఉడికిపోద్ది. రెండో ఏట ముగ్గురికి పెట్టి సూసినాం. ఇద్దరు బండి మీదే సొమ్మసిల్లి పడిపోనారు."

"మరి ఏం చెయ్యమంటారు?"

ఆయన కిటికీలోంచి వంపుకేసి చూస్తున్నారు. అక్కడ నారింజ చుక్క బాగా కనపడుతోంది, పొద్దున్నే తుడిచాను కదా. "సూస్తానండి, ఇంకో పదిరోజులు కొలిసి సెప్తాను," అన్నాను. కొలవాల్సింది ఏమీ లేదు.

రత్నానికి మాత్రం చెప్పాను. వంపులో నెమ్మదిగా రా, పగలైనా లైటు వేసుకో, వీలైతే ఆ హెల్మెట్ తీసేసి ఇంకేదైనా పెట్టుకో అని.

"ఏల?"

"సెప్పినట్టు సెయ్యి."

"ఇంకేదైనా పెట్టుకుంటే గేటు కాడ ఆపీస్తారు. ఆ రూలు ఎట్టింది నువ్వే కదేటి," అని నవ్వి, టీ బాగుందని అంది. అలా ఎప్పుడూ అనదు. నా మొహం ఎలా ఉందో మరి.

131వ రోజు

ఉదయం ఎనిమిది దాటి ఆరు నిమిషాలు. ఎండ బాగుంది. గాలి లేదు. నారింజ ఆరువందల నలభై రెండు.

స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టాను. వంపులోంచి ఒక్క హారన్ వినపడింది. పొట్టిది. పెంటయ్యకి కొట్టారనుకున్నాను. వెంటనే చప్పుడు.

రత్నం రోడ్డుకి అవతల ఉప్పు మీద పడి ఉంది. మందుల పెట్టె పగిలిపోయింది. హెల్మెట్ తలకే ఉంది, పగల్లేదు. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది, ఎముక బయటకొచ్చింది. స్పృహ ఉంది. "అత్తా, లైటు ఏసుకున్నాను," అంది. "నెమ్మదిగానే ఒచ్చినాను."

లారీ గవరయ్యది. బండి దిగి, నడవలేక, రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

"సూసినానప్పా," అన్నాడు. "సూడనేదని అబద్ధం ఆడను. వంపు తిరగ్గానే నారింజ కనపడ్డాది. బావ అనుకున్నాను. బావే అనుకున్నాను. పలకరించినాను కూడా."

అక్కడినుంచి పెంటయ్య గుంజకి కొలిచాను. ముప్ఫై నాలుగు అంగలు.

133వ రోజు

పరీక్షలు చేయలేదు. పాతరేవు ఆస్పత్రిలో ఉన్నాను.

కాలు ఉంటుందో తీయాలో వారం ఆగితే గాని చెప్పలేమంటున్నారు. రత్నం మంచం పక్కన కూర్చుని ఈ పుస్తకం తెరిచి 118వ రోజు, 119వ రోజు చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు. పదమూడు హారన్లు, తొమ్మిది హారన్లు, అన్నీ చదివాను.

"అంటే నీకు ముందే తెలుసు," అంది.

"తెలుసు."

"ఎన్ని రోజులు?"

"పన్నెండు."

గోడవైపు తిరిగింది. కాలు కదపడానికి లేదు కాబట్టి మొహం ఒక్కటే తిప్పుకుంది. నేను కూర్చునే ఉన్నాను. ఏడ్చాను కూడా. ఆరేళ్ళ కిందట రానిది ఇప్పుడొచ్చింది, అదీ తప్పు నాదైనప్పుడు. నర్సు వచ్చి మంచినీళ్ళిచ్చింది, ఎవరి కోసం ఏడుస్తున్నానో అడగలేదు.

రత్నం గోడతోనే మాట్లాడింది. "నా జాగాలోకి రేపట్నుంచి ఇంకో పిల్లని పంపుతారు. దానికీ నారింజే ఇస్తారు."

"అవును."

"మరి ఇక్కడేటి సేస్తన్నావు? ఎల్లు."

136వ రోజు

గుంజల ఇళ్ళవాళ్ళందర్నీ సంఘం సావిడికి పిలిపించాను. నలభై మూడు ఇళ్ళలో ముప్ఫై తొమ్మిది ఇళ్ళనుంచి వచ్చారు. ఉదయం పది గంటలకి మొదలుపెట్టి మొత్తం చదివాను. నేను పన్నెండు రోజులు దాచిపెట్టింది కూడా చదివాను. వైకుంఠంగారు తల దించుకుని విన్నారు.

"అయితే పీకీమంటావేటి?" అంది సూరీడమ్మ. ఈ ఏడు పోయిన ముగ్గురిలో ఆవిడ కొడుకు ఒకడు. గుంజ పాతి రెండు నెలలు కాలేదు. "ఆడు ఆ రోడ్డు మీదే పోనాడు. ఇంటికాడ ఆడి బట్టలు ఉంచుకోనేదు, సెప్పులు ఉంచుకోనేదు, అన్నీ ఇచ్చీసినాం. ఆ టోపీ ఒక్కటే ఉన్నాది. ఒకసారి రోడ్డు లాక్కున్నాది. ఇప్పుడు నువ్వు లాక్కుంటావా?"

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ అడిగింది నేను పన్నెండు రోజులు నన్ను నేను అడుక్కున్నదే.

"పీకొద్దు," అన్నాను. "గుంజలు ఉన్నసోటే ఉంటాయి. హెల్మెట్లూ ఉంటాయి. తెల్లరంగు ఏసీద్దాం."

సావిడిలో గొణుగుడు లేచింది. తెలుపు అంటే ఏమిటో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. పాత ఇళ్ళవాళ్ళ మనుషులు పద్నాలుగు మంది తెల్ల హెల్మెట్లలోనే పోయారు.

"తెలుపేస్తే ఆడు నాకెలా కనపడతాడు?" అంది సూరీడమ్మ.

"దగ్గరికెల్తే కనపడతాడు. డెబ్భై అంగల్లోకి ఎల్తే."

"లారీవోళ్ళకి?"

"కనపడడు. అందుకే."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ముందు నీ మొగుడిది సెయ్యి. అప్పుడు సూస్తాను."

న్యాయంగానే అడిగింది.

139వ రోజు

ఉదయం ఏడు గంటలు. గాలి తక్కువ. ఎండ మామూలే.

రత్నం కాలు తీయక్కర్లేదని రాత్రి కబురొచ్చింది. కుంటుతుందట. బండి మళ్ళీ నడుపుతుందో లేదో ఎవరూ చెప్పలేదు, దాన్ని అడిగే మొహం నాకు లేదు.

ఆరున్నరకే పెంటయ్య గుంజ దగ్గరికి వెళ్ళాను. సూరీడమ్మ అప్పటికే వచ్చి ఉంది, చిన్న తెల్లరంగు డబ్బా, కుంచె చేతిలో పట్టుకుని. నాకోసం తెచ్చిందో తన కొడుకు కోసం తెచ్చిందో అడగలేదు.

పెంటయ్యకి రంగు అక్కర్లేదు. కింద తెలుపే ఉంది. నేను పూసిన నారింజ గీకితే చాలు. గోకుడు బిళ్ళతో మొదలుపెట్టాను. రోజూ తుడుస్తూ ఉండటం వల్ల రంగు గట్టిగా పట్టుకుంది, పొరలు పొరలుగా ఊడింది. గంట పట్టింది. ఎడమ పక్క పగులు ఉంది, ఆరేళ్ళుగా రంగు కింద దాన్ని మర్చిపోయాను. దాని పక్కన పాత సంఘం ముద్ర, దాని కింద తన చేత్తో రాసుకున్న పేరు. పెంటయ్య. వంకర అక్షరాలు. అవి ఉన్నాయనే మర్చిపోయాను.

పూర్తయ్యేసరికి అది ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఏ రంగు వల్ల పోయాడో ఆ రంగులోకే మళ్ళీ నేనే పంపాను. బిళ్ళ జేబులో పెట్టుకున్నాను.

"కొలుస్తావేటి?" అంది సూరీడమ్మ.

నా నారింజ హెల్మెట్ పెట్టుకుని వెనక్కి నడిచాను. రోడ్డు పక్కనే, లెక్కపెడుతూ. యాభై దగ్గర ఇంకా ఉన్నాడు. అరవై దగ్గర అంచులు పోయాయి, పగులు దగ్గర నీడ మాత్రం మిగిలింది. అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. డెబ్భై. డెబ్భై ఒకటో అంగ వేశాను. ఉప్పు తప్ప ఏమీ లేదు. ఒక అంగ ముందుకు వేశాను. ఉన్నాడు. మళ్ళీ వెనక్కి వేశాను. లేడు. అలా ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు, అది కొలతలోకి రాదు.

కొత్తరేవు వైపునుంచి లారీ వచ్చింది. వంపు తిరిగింది. గుంజ దగ్గర హారన్ కొట్టలేదు. వేగం తగ్గించి, నాకు దూరంగా జరిగి, రెండు హారన్లు కొట్టి వెళ్ళిపోయింది.

సూరీడమ్మ డబ్బా మూత తీస్తోంది.

నారింజ: ఆరువందల నలభై.

తెలుపు, పెంటయ్య: డెబ్భై ఒకటి.